సూదిలో దారం ఎక్కిన ఆదివారం

2011 సెప్టెంబరు 20, మంగళవారం, ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు, సిరిసిల్లలో నేను నడిపే సాంచా, అంటే మరమగ్గం, మీద తెల్లని పోగు ఒకటి నడుమ వంకరగా కనిపించింది. పోగు తిన్నగానే ఉంది సహోదరులారా, వంకర నా కుడికంటిలో ఉంది. ఎడమకన్ను చిన్ననాడే దెబ్బ తగిలి పోయినందున నాకున్నది ఆ ఒక్కటే.

కన్ను ఎర్రబడితే మందుల దుకాణంలో ఇచ్చిన స్టెరాయిడ్ చుక్కలతో ఎర్రదనం పోయింది. ఆదివారం మందిరంలో మా వదిన రూతమ్మ, "కన్ను తెల్లగయింది గద మరిదీ, లేచి సాక్ష్యం చెప్పు" అని మైకు అందించింది. ఒకప్పుడు సాంచాలు నడిపిన మా పాస్టరయ్య ఆ మైకు తీసుకొని, సూదీ దారం నా చేతిలో పెట్టి, "ముందు గీ దారం ఎక్కియ్యి" అన్నారు. బెజ్జం ఉండవలసిన చోట పొగ తప్ప ఏమీ కనిపించలేదు.

"ఎరుపు వోయింది, చూపు రాలే. పద" అన్నారు పాస్టరయ్య.

తెలంగాణ ఉద్యమంతో బస్సులు బందు. ఆయన మోటారు సైకిలు మీద జగిత్యాలకు బయలుదేరాము. వేములవాడ దాటాక ఉద్యమకారులు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పొయ్యి దగ్గరి పెద్దమనిషి సంగతి విని, "కన్ను వోతున్నదా? గట్లయితే జెల్ది పోండ్రి. తెలంగాణ అచ్చిననాడు సూడాలె గద" అని దారి ఇచ్చాడు.

కంటి వెనుక పొరలో పరాన్నజీవి చేరిందని జగిత్యాల కంటి డాక్టరమ్మ చెప్పింది. "ఒక్క స్టెరాయిడే వేస్తే ఎరుపు తగ్గుతది, పురుగు బతుకుతది. పురుగును చంపే మందు ముందు. స్టెరాయిడ్ గోలీలు దానికి తోడు. బాగయిందని నడుమ ఆపొద్దు, నేను చెప్పినట్టు మెల్లగ తగ్గించాలె."

"తండ్రీ, నీ వాక్యం చదువుకునేంత వెలుగు ఉంచు" అని ప్రార్థించి మొదటి గోలీ మింగాను.

"ఇంకా గోలీలేనా మరిదీ? విశ్వాసం తక్కువైందా ఏంది?" అని వదిన వారంవారం దెప్పేది. పాస్టరయ్య మాత్రం సూది నాకిచ్చేవారు. దారం పక్కకు జారేది. అయినా వారంవారం ఆ పొగలోనుండి బెజ్జం కొంచెం కొంచెంగా తేలుతూ వచ్చింది.

చివరి గోలీ మింగిన మరునాడు, నవంబరు 27, ఆదివారం, రెండుసార్లు తప్పి మూడోసారి దారం ఎక్కింది. వదిన ఆ సూది తీసుకొని, అక్కడే కొంగు చిరుగు కుట్టుకుంటూ, "ఇగ పట్టు మైకు" అంది.

అందుకే ఈ వేళ మీ ముందు నిలిచాను. దేవునికే మహిమ. చూపు మసకబారిన సహోదరీ, సహోదరుడా, ఆయనను నమ్మండి, ఆయన చూపిన మందును చివరి గోలీ దాకా నమ్మండి.

పోయినవి: చూపు నడుమ మినపగింజంత జాగా, రెండు నెలల పని.
మిగిలినవి: ఒక కన్ను, వాక్యం, పోగు, మీ ముఖాలు.