స్ఫటికం మీద మరక

తొంభైల చివర్లో నేను విజయవాడలో పరిశోధన చేసేవాణ్ణి. గోరంత స్ఫటికంలో వెలుతురు పారడానికి కాలువ తయారుచేయడం నా పని. కృష్ణా జిల్లా మొత్తంలో ఆ పిచ్చి నా ఒక్కడికే ఉండేది. ఏం చేస్తున్నావని అడిగిన చుట్టాలు, నేను జవాబు మొదలెట్టగానే చెప్పులు వెతుక్కునేవారు.

మూడేళ్లు తిరిగితే ఢిల్లీలో ఒక పెద్ద యంత్రంతో ఆ స్ఫటికం పైముఖంలోకి అయాన్లు దూర్చి ఇచ్చారు. వెంట్రుక మందంలో పదో వంతు లోతున కాలువ ఏర్పడింది. పైకి లేత గోధుమరంగు మరకలా కనిపించేది. ఆ మరకే నా డాక్టరేటు. ఇక వెలుతురు లోపలికి వెళ్లేందుకు అంచులు నునుపు చేయించాలి. వన్ టౌన్‌లో ఉంగరాల రాళ్లు సానపట్టే పెద్దాయనకిచ్చి, "అంచులు మాత్రమేనండీ" అని నూటపదహారు సార్లు చెప్పాను.

సాయంత్రం ఆయన నవ్వుతూ రాయి చేతిలో పెట్టారు.

"అంచులొక్కటే ఏంటండీ, పైన మరకుంటే అది కూడా లేపేశాను. మాస్టారు గారి రాయి మచ్చతో ఉంటే ఏం బాగుంటుంది?"

నా గుండె జారి కృష్ణలో పడి, బ్యారేజీ దాటి సముద్రంలో కలిసింది. ఏం పోయిందో చెబితే అర్థమయ్యే మనిషి ఊళ్లో ఒక్కరూ లేరు. "చాలా బాగుందండీ" అన్నాను.

ఇన్నేళ్లకు ఈ సంగతి చెప్పడం మీతోనే మొదలు. చెప్పులు వెతుక్కోకుండా చివరిదాకా కూర్చున్నారు. సంతోషం.