మేము ఎరుపు వేసిన కొండ

మా బాపు బొగ్గుబాయి కార్మికుడు. గనిలో పైకప్పు కూలి కాలు పోగొట్టుకున్నాడు. అందుకేనేమో, భూమి ఎక్కడ జారుతుందో ముందే చెప్పే చదువంటే నాకు ప్రాణం. ఆ చదువు నేర్పింది కరీంనగర్‌లో మా కాలేజీ సార్. బోథ్ అవతల రక్షిత అడవిలో, ఏటి పరీవాహక ప్రాంతమంతా తిరిగి కొండచరియలు విరిగిపడే చోట్లు గుర్తించే పని వచ్చినప్పుడు ఆయన నన్నే వెంట తీసుకెళ్లారు.

వానాకాలమంతా తిరిగాం. ఒక గూడెం పైనున్న వాలులో నేల పగుళ్లిచ్చింది. చెట్లు కిందికి ఒరిగాయి. పటంలో ఆ చోటికి ప్రమాదమని ఎరుపు రంగు వేసింది నేనే. అది తప్పు కాదు, ఇప్పటికీ అదే అంటాను.

గూడెం ఖాళీ చేయమన్నారు అధికారులు. ఎవరూ కదల్లేదు. మాకు జొన్నరొట్టెలు పెట్టే ముసలమ్మ మాటకు అక్కడ విలువుంది. సార్ నన్ను ఆమె దగ్గరికి పంపారు.

“నువ్వు చెప్పు బిడ్డా. గా కొండ నిజంగనే పడ్తదా?” అని అడిగింది.

“పడ్తదవ్వా. గీ ఏడు కాకుంటె మల్ల ఏడు,” అన్నాను.

కొద్దిరోజుల్లోనే అందరూ మైదానంలోని రేకుల ఇళ్లకు దిగిపోయారు. ఆమె పొయ్యి రాళ్లు కూడా మోసుకుపోయింది.

తర్వాతెప్పుడో వేరే పని మీద అటు వెళ్లాను. గూడెం ఉన్నచోట పర్యాటకుల కాటేజీలు లేస్తున్నాయి. వెనక కొండ జారకుండా పెద్ద రాతిగోడ. కాటేజీల బోర్డు మీద మా పటమే ఉంది. ఆ వాలు మాత్రం ఆకుపచ్చగా ఉంది. కింద సార్ పేరు.

సార్ ఇంటికి వెళ్లి అడిగాను.

“గోడ కట్టినంక ప్రమాదం లేదు బిడ్డా,” అన్నారు.

“గా గోడ గూడెం ఉన్నప్పుడే కట్టొచ్చు గద సార్?”

“గూడెం కోసం ఎవడు కడ్తడు?”

“కాటేజీలు వస్తయని మీకు ముందే ఎరుకనా?”

ఆయన టీ కప్పు కింద పెట్టారు. “నువ్వు చెప్తేనే వాళ్లు వింటరని పంపిన,” అన్నారు, మెచ్చుకుంటున్నట్టుగా.

ముసలమ్మ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను.

“నీ మొఖం సూసే గూడెం ఇడిసినం బిడ్డా,” అంది. తిట్టినా బాగుండేది.

గూడెం వాళ్లు తమ చోటు తమకు కావాలని కోర్టుకెక్కారు. మొదటి పటం పట్టుకుని వాళ్ల తరఫున సాక్షిగా నిలబడ్డాను. అవతలి వైపు నిపుణుడిగా సార్ వచ్చారు. కేసు ఇంకా నడుస్తోంది. కోర్టు మెట్ల మీద ఎదురైతే “మంచిగున్నవా బిడ్డా” అంటారాయన, ఎప్పటిలాగే. నేను మొదటి పటం చంకన పెట్టుకుని మెట్లెక్కిపోతాను.