ఛాంపియన్లకు భాగహారం

కసిల్దా పిన్ని ముప్పై ఒక్క ఏళ్ళు ఆరో తరగతికి లెక్కలు చెప్పింది. మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు స్పోర్టివో లపాచో కమిటీలో ఉన్న ఎనిమిది మంది మగవాళ్ళలో ఆరుగురు ఆమె దగ్గర భాగహారం నేర్చుకున్నవాళ్ళే. నేర్చుకున్నారని ఆమె అనుకుంది. తొమ్మిదో మనిషి ఆమే, కార్యదర్శి.

మా జట్టు రెండో డివిజన్‌లో ఉన్న ఇరవై రెండేళ్ళూ పిన్ని వానలో, బురదలో, చెక్క బల్లల మీద కూర్చుని చూసింది. మొదటి డివిజన్‌కి ఎక్కి ఇది మూడో ఏడు. ఆమెకి అరవై మూడు నిండాయి. "మళ్ళీ దిగితే ఇంకో ఇరవై రెండేళ్ళు నా దగ్గర లేవే" అనేది నాతో.

ఆ జులైలో మేం ఛాంపియన్లమయ్యాం.

మా పరాగ్వేలో ఏడాదికి రెండు టోర్నీలు. మొదటి ఆర్నెల్లకి అపెర్తురా, తర్వాత క్లౌసురా. దేని కప్పు దానిదే. రెండోది మొదలయ్యేసరికి అందరి పాయింట్లూ సున్నా. ఎవరు కింది డివిజన్‌కి పోవాలో తేల్చేటప్పుడు మాత్రం పాత పాయింట్లు సున్నా కావు. మూడేళ్ళ పాయింట్లన్నీ కూడి, ఆడిన ఆటలతో భాగిస్తారు. ఆ సగటులో అడుగున ఉన్నవాళ్ళు దిగిపోతారు. మా మొదటి రెండేళ్ళ ఆట ఎంత అధ్వాన్నమంటే, ఆ కప్పు కూడా దాన్ని కడగలేకపోయింది.

గెలిచిన మర్నాడు క్లబ్బు పెరట్లో మాంసం కాలుస్తూనే మీటింగు పెట్టారు.

"ఇరవై ఒకటి" అంది పిన్ని, బల్ల మీద కాగితం పరిచి. "క్లౌసురాలో ఇరవై రెండు ఆటలు. ఇరవై ఒక్క పాయింట్లు రాకపోతే డిసెంబర్లో దిగిపోతాం. అదాల్బెర్తోని ఇప్పుడు అమ్మకండి."

అదాల్బెర్తో మా గోల్స్‌లో సగం కొట్టినవాడు. మెక్సికో క్లబ్బు ఒకటి అతన్ని అడుగుతోంది.

"ఛాంపియన్లం టీచరమ్మా! దిగిపోవడమేంటి?" అన్నాడు అధ్యక్షుడు డాన్ ప్రిమితివో, నోటి నిండా మాంసంతో.

"కప్పు వేరు, సగటు వేరు."

"వచ్చే ఏడాది విదేశీ జట్లతో ఆడే కప్పుకి చోటు ఖాయమైపోయింది. ఇంకెందుకు కాళ్ళు విరగ్గొట్టుకోవడం? పాత ఆటగాళ్ళని కాస్త పడుకోనిద్దాం, కొత్తవాళ్ళని ఆడిద్దాం."

"ఒక్కసారి భాగించి చూడు ప్రిమితివో."

చల్లటి ఆకు కషాయం, తెరెరే గ్లాసు అందరికీ తిప్పుతున్న కమిటీ మెంబరు సెవెరియానో నవ్వాడు. "తొందరగా తినండ్రా, ఇంకాసేపుంటే హోంవర్కు ఇచ్చేస్తుంది!"

చేతులెత్తారు. ఎనిమిదికి ఒకటి. ఆ సంగతి మినిట్స్ పుస్తకంలో తన గుండ్రటి రాతతో పిన్నే రాసుకోవలసి వచ్చింది.

అదాల్బెర్తో వెళ్ళిపోయాడు. అతని వెనకే కోచ్ కూడా. ఆగస్టులో నాలుగు ఆటలు వరసగా ఓడాం. ఎవరికీ పట్టలేదు. గోడల మీద "ఛాంపియన్లు" అన్న రంగు ఇంకా ఆరనేలేదు. ఓడిన ప్రతిసారీ పిన్ని కొత్త లెక్క వేసి ప్రిమితివోకి ఫోన్ చేసేది. కొన్నాళ్ళకి ఆయన ఎత్తడం మానేశాడు. అక్టోబరులో రొట్టెల కొట్టువాడు మొహం మీదే అన్నాడు: "నీ నోటి మూలానే ఓడుతున్నాం టీచరమ్మా. గ్రౌండుకి రాకుండా ఉంటే మేలు."

ఆ రాత్రి పిన్ని అన్నం ముట్టలేదు. అయినా ఆదివారం వెళ్ళింది.

ఆఖరి ఆటకి ముందు మా దగ్గర పద్దెనిమిది పాయింట్లు. గెలిస్తే మూడు, సరిపోతాయి. అప్పటికి ఊరంతా లెక్క నేర్చుకుంది. ఆట ఒకటి-ఒకటిగా ముగిసింది. జనం కదల్లేదు. పిన్ని పక్కన నేనున్నాను. ఆమె వేళ్ళు మడవలేదు, ఏమీ కూడలేదు. "పంతొమ్మిది" అంది, అంతే.

మెట్ల దగ్గర ప్రిమితివో ఎదురొచ్చి కసిరాడు. "కాస్త గట్టిగా చెప్పి ఉండొచ్చుగా?"

పిన్ని మొహం చూళ్ళేక నేను తల దించుకున్నాను.

మంగళవారం ప్రిమితివో ఆమెని క్లబ్బు ఆఫీసుకి పిలిపించాడు. "ఛాంపియన్లని దించడం అన్యాయమని లీగుకి ఉత్తరం రాయి టీచరమ్మా. నీ రాత చక్కగా ఉంటుంది."

"ఎనిమిది మంది చేతులెత్తారని కూడా రాయనా?"

"అవన్నీ ఎందుకమ్మా ఇప్పుడు!"

పిన్ని కలం మూత బిగించి, కాగితాలు ఆయన ముందుకి తోసింది. "నువ్వే రాయి. నీ రాతకేం తక్కువ."

ప్రిమితివో తెల్లకాగితం దగ్గరికి లాక్కుని పైన తేదీ వేశాడు. తలెత్తి అడిగాడు: "ఇంతకీ ఆ సగటు ఎలా కడతారు?"

జులై నుంచి ఈ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్న పిన్ని, బస్సుకి వేళైందని లేచింది.