స్నానాల గదిలో అడిగిన ప్రశ్న

జూలై, రెండో బుధవారం. దోహాలో అల్ హిలాల్ పేట. ఉన్నవాళ్ళు: బాలింత, ఆమె మూడు వారాల ఆడపిల్ల, అత్తగారు, పరిశోధన చేస్తున్న మలయాళీ నర్సు, నేను. మధ్యాహ్నం భర్త వచ్చాడు.

నా డైరీలో ఏ రోజైనా ఇలాగే మొదలవుతుంది. వార్డులో డ్యూటీ అప్పజెప్పేటప్పుడు ముందు తేదీ, తర్వాత ఎవరెవరున్నారో చెప్పే అలవాటు చేతికి కూడా అంటుకుంది. దోహాలోనే నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పక్క ఊరు అల్ వక్రాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. నా వార్డులో పనిచేసిన ఈ మలయాళీ అమ్మాయి పెద్ద చదువు చదువుతూ, సొంత ఊరికి దూరంగా కాన్పయిన తల్లుల మనసు ఎలా ఉంటోందో తెలుసుకునే పని పెట్టుకుంది. తెలుగువాళ్ళ ఇళ్ళకి నన్ను తోడు తీసుకెళ్తుంది. ఆమె ఇంగ్లీషులో అడిగింది నేను తెలుగులో అడుగుతాను.

ఆ ఇల్లు ఒక పాత విల్లా. లోపల చెక్క గోడలు పెట్టి ముక్కలు చేసి అద్దెకిచ్చారు. వీళ్ళ వాటాకి ఒక గది, మూలన వంటగట్టు, ఒక స్నానాల గది వచ్చాయి. భర్త ఏసీలు బిగించే కంపెనీలో సూపర్‌వైజరు. కోనసీమ మనుషులు. అత్తగారు కాన్పు కోసం విజిట్ వీసా మీద వచ్చింది. వస్తూ బాలింతకి పెట్టే కాయం, సాంబ్రాణి, నడికట్టుకి పాత నేతచీర తెచ్చుకుంది. పొగ వేస్తే అలారం మోగుతోందని పైకప్పుకున్న యంత్రానికి ప్లాస్టిక్ సంచి కట్టించింది. నేను అటు చూస్తుంటే, పొగ వేసి వెంటనే విప్పేస్తామంది. విప్పిన ఛాయలేవీ లేవు.

అంతకు ముందు రెండుసార్లు వెళ్ళాం. పని జరగలేదు. బాలింతని ఒంటరిగా వదలకూడదన్నది మన పద్ధతి. ఆ పద్ధతి ప్రకారం అత్తగారు కోడలి మంచం దిగేది కాదు. ఈ వారంలో మనసారా నవ్వావా అని కోడల్ని అడిగితే అత్తగారే జవాబు చెప్పింది. మావాడు సైట్లో జారిపడిన సంగతి చెప్తే ఇంటిల్లిపాదీ నవ్వామండీ, అని. నిద్ర పడుతోందా అంటే, పిల్ల పడుకోనిస్తే కదా అని ఆమే అంది. కోడలు తల ఊపింది. కాసేపు మమ్మల్ని వదలండని మర్యాదగానే అడిగాను. ఈ ఎండలో రోడ్డు మీద నిలబడమంటారా అక్కగారూ, అంది. అందులో తప్పేమీ లేదు. ఆ వాటాలో వెళ్ళడానికి ఇంకో చోటు లేదు.

అందుకని ఈసారి తడిసినా ఫర్వాలేని పాత చీర ఒకటి సంచిలో పెట్టుకెళ్ళాను. ఇవాళ తలంటు నేను పోస్తాను, మీ నడుముకి ఒక్కపూట సెలవివ్వండి అన్నాను. పెద్దదాన్ని, పైగా పురుళ్ళు చూసినదాన్ని. ఆమె సంతోషించింది. జూలైలో మేడ మీది ట్యాంకు నీళ్ళు వాటంతట అవే కాగి ఉంటాయి. పొయ్యి పెట్టక్కర్లేదు, ఈ దేశంలో నాకు నచ్చింది ఇదొక్కటే, అంటూ బకెట్టు నింపిచ్చింది.

పరిశోధనలో బాలింతని చూసుకునేవాళ్ళకి కూడా ప్రశ్నలున్నాయి. ఆ వంకతో మలయాళీ అమ్మాయి అత్తగారిని గదిలో కూర్చోబెట్టింది. తలుపు వేసుకున్నాక కూడా వాళ్ళ వచ్చీరాని హిందీ వినిపించింది. ప్రశ్నలన్నీ అత్తగారే అడుగుతోంది. పెళ్ళయిందా, ఎన్ని కాసుల బంగారం పెట్టారు, అని.

కోడల్ని పీట మీద కూర్చోబెట్టి నీళ్ళు పోశాను. చెంబు ముంచితే నా వేళ్ళు చురుక్కుమన్నాయి. ఆమె కదల్లేదు. చన్నీళ్ళు కలపనా అని అడిగితే, ఏవైనా ఒకటే అంది. ఆ మాటకే నాకు సగం తెలిసిపోయింది. కుళాయి ధారగా వదిలి, మాట బయటికి పోకుండా దగ్గరగా వంగి, పరిశోధన ప్రశ్నల కాగితంలో చివరనున్న ప్రశ్నని నా మాటల్లో అడిగాను.

"నిన్ను గానీ, పాపని గానీ ఏమైనా చెయ్యాలనిపిస్తోందా అమ్మా?"

ఆమె తలుపు వైపు చూసింది.

"చెబితే పాపని నా దగ్గర్నుంచి తీసుకుపోరు కదా పెద్దమ్మా?"

ఆసుపత్రిలో తల్లినీ పిల్లనీ విడదీయరనీ, ఇద్దరికీ ఒకే గది ఇస్తారనీ చెప్పాను. నేను పనిచేసిన చోట అదే పద్ధతి.

"అది ఏడిస్తే నా చేతులంటే నాకే భయమేస్తోంది. రాత్రిళ్ళు చేతులు ఒంటికింద పెట్టుకుని పడుకుంటున్నా. అత్తయ్యకి చెప్తే దిష్టి తీసింది."

బయట పాప ఏడ్చింది. వెంటనే ఆమెకి పాలు చేపుకొచ్చి పొట్ట మీదుగా కారాయి. ఎవరివో అన్నట్టు చూసింది.

తల తుడిచి, బట్టలు కట్టించి బయటికి తెచ్చాను. మలయాళీ అమ్మాయి మెట్ల మీద నిలబడి, ఆసుపత్రిలో ఇలాంటి తల్లుల్ని చూసే డాక్టరమ్మకి ఫోన్ చేసింది. ఇప్పుడే తీసుకురండి, కుదరకపోతే పొద్దున్నే అయినా తప్పకుండా, అందావిడ. ఈలోపు తల్లిని ఒంటరిగా వదలొద్దు, పిల్లనీ తల్లికి ఒంటరిగా వదలొద్దు అని కూడా చెప్పింది. ఎండకి బయటి పనులు ఆపే మధ్యాహ్నం విరామంలో ఇంటికొచ్చిన భర్తకి ఇదంతా గుమ్మంలోనే చెప్పాను. బూట్లు విప్పబోయి ఆగాడు. ఇది కంప్యూటర్లో ఎక్కుతుందా అని అడిగాడు. డాక్టరు రాసుకుంటారు అన్నాను. కంపెనీకి తెలుస్తుందా అన్నాడు. తెలియదన్నాను. నమ్మలేదు. ఇవాళ సైట్లో పెద్దసారు వస్తున్నాడు, పొద్దున ఎనిమిదింటికి నేనే తీసుకొస్తా అన్నాడు.

"నేనూ కాన్పయ్యాక ఏడ్చాను," అంది అత్తగారు. "నా దగ్గరికి ఎవరూ కాగితం పట్టుకు రాలేదు. ఒంటరిగా వదలకూడదని మీరు మాకు నేర్పాలా అక్కగారూ?"

వచ్చేటప్పుడు కోడలు, రేపు మీరూ ఉంటారా అని అడిగింది. ఆసుపత్రి గేటు దగ్గరే ఉంటానన్నాను.

మర్నాడు పొద్దున ఏడున్నరకే గేటు దగ్గరున్నాం. ఎనిమిది దాటింది. భర్త ఫోన్ ఎత్తలేదు. చాలాసార్లు చేశాక అత్తగారు ఎత్తింది.

"కోడల్ని తెల్లారగట్ల ఫ్లైటెక్కించేశాం అక్కగారూ. పుట్టింట్లో నాలుగు రోజులుంటే అదే సర్దుకుంటుంది. వాళ్ళన్న శంషాబాదు వస్తానన్నాడు."

పాప ఏదన్నాను.

"పాపకి పాస్‌పోర్టు ఇంకా రాలేదుగా. అయినా మీ డాక్టరమ్మే అంది, పిల్లని దానికి వదలొద్దని. ఇచ్చెయ్యమంటే ఇచ్చేసింది, పాపం. ఏడవను కూడా లేదు."

అన్న నంబరు అడిగాను, దిగగానే ఆమెని ఒంటరిగా వదలొద్దని చెప్పడానికి. పుట్టింటివాళ్ళ ముందు మావాడు తలెత్తుకు తిరగాలి, వాళ్ళకేం చెప్పకండి అంది. మళ్ళీ అడిగాను. ఇవ్వలేదు. మలయాళీ అమ్మాయికి నా ముఖం చూస్తేనే అర్థమైంది.

ఫోన్లో పాప ఏడుస్తూనే ఉంది.

"మావాడు పాలపొడి డబ్బా పడేసి డ్యూటీకి పోయాడు. దీని మీద రాసింది నాకు రాదు. ఎలా కలపాలో కాస్త చెప్పండి అక్కగారూ."

నీళ్ళు మరగకాచి చల్లారనివ్వమన్నాను. సీసా బాగా ఉడకబెట్టమన్నాను. డబ్బాలోని చెంచాతోనే కొలవాలి, కుక్కి వెయ్యకూడదు. డబ్బా మీద సీసా బొమ్మ పక్కన ఏ అంకెలున్నాయో చదివించుకుని, ఎన్ని నీళ్ళకి ఎన్ని చెంచాలో చెప్పాను. ఆమె ఒక్కొక్కటే తిరిగి చెప్పుకుంటూ కలిపింది. సీసా ఊపిన చప్పుడు వినిపించింది.

"నోరు తిప్పుకుంటోందండీ," అంది.

కాసేపాగి మళ్ళీ పట్టమన్నాను.