బంగారం లేదన్న మనిషి

మా షాపుకి ఎదురుగా, రోడ్డవతల ఉండే ముసలాయన పోయిన వారం చనిపోయాడు. కాఫీకి ఆగిన డిప్యూటీ షెరిఫ్ కౌంటర్ దగ్గర నిలబడి ఆ సంగతి చెప్పాడు. ట్రక్కుల్లో గ్యాస్ కొట్టుకుని లోపలికొచ్చిన ఇద్దరు ఊరివాళ్లు కూడా విన్నారు. వాళ్లలో ఒకాయన పీడ విరగడైందంటూ సిగరెట్ పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు. ఈ నెవాడా ఎడారి ఊళ్లో ఆయన గురించి నాలుగు మాటలు రాసేవాళ్లు ఎవరూ లేరు. అందుకని నేను రాస్తున్నాను. ఆయనకు మేమన్నా ఇష్టం లేదని ముందే చెప్పడం మంచిది.

మేము కాలిఫోర్నియాలోని శాంటా క్లారా వదిలి ఈ గ్యాస్ స్టేషన్ కొనుక్కుని వచ్చిన కొత్తలో ఒక ఉదయం ఆయన లోపలికొచ్చాడు. పలకరింపు లేదు. నేనిచ్చిన కాఫీ తాగకుండానే సింకులో పారబోశాడు. ఈ బావి నీళ్లు తాగొద్దని, మా పిల్లవాడికి అసలు పట్టొద్దని చెప్పి వెళ్లిపోయాడు. మా ఆయన నవ్వాడు. "మనల్ని ఇక్కడ ఉండనివ్వడు చూడు. భయపెట్టి పంపించేద్దామని ప్లాన్."

మర్నాడు ఆయన మొహం మీదే అడిగాను, మేము ఇక్కడ ఉండటం మీకిష్టం లేదా అని.

"లేదు," అన్నాడు. "అలాగని మీరు చావడమూ ఇష్టం లేదు. నీళ్లు టెస్ట్ చేయించు."

చేయించాం. ఆర్సెనిక్ విషం ఉండకూడనంత ఉంది. ఫిల్టర్ పెట్టించాక థాంక్స్ చెప్పడానికి వెళ్తే గుమ్మం దాటనివ్వలేదు. వేళకి ఫిల్టర్ మార్చకపోతే పెట్టించి లాభం లేదని వరండాలోనే నిలబెట్టి కసిరాడు. నేను తీసుకెళ్లిన పులిహోర డబ్బా మూత కూడా తీయకుండా తిరిగిచ్చేశాడు.

ఆయన ఒకప్పుడు ఊరి వెనక కొండలోని చిన్న బంగారు గనిలో జియాలజిస్టు. చేతికి ఏ రాయి దొరికినా నాలుకతో తడిపి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసేవాడు. పొడిగా ఉన్న రాయి అన్నీ దాచేస్తుందనేవాడు. మా నీళ్లలో విషం ఎలా వచ్చిందని ఒకసారి అడిగితే విసుక్కుంటూనే చెప్పాడు. ఎప్పుడో అగ్నిపర్వతాలు మండిన కాలంలో, భూమి లోపలి వేడినీళ్లు పగుళ్ల గుండా పైకొచ్చి, చల్లారుతూ తెల్లటి క్వార్ట్జ్ రాయిని, అందులో బంగారాన్ని వదిలాయట.

"బంగారాన్ని తెచ్చిన నీళ్లే ఆర్సెనిక్‌నీ తెచ్చాయి," అన్నాడు. "మా గనివాళ్లు మొదటిది పట్టుకుపోయి రెండోది మీకు వదిలారు."

పాతకాలం వాళ్లు రాయిని పిండి చేసి బంగారం తీసుకోగా మిగిలిన బూడిదరంగు ఇసుక మా షాపు వెనక ఇప్పటికీ దిబ్బలా ఉంది. గనిలో బంగారపు చార ఒకచోట కత్తితో కోసినట్టు ఆగిపోయింది. అక్కడ భూమి విరిగి జరిగిందట. అవతలి ముక్క కోసం ఆయన వయసులో ఉన్నన్నాళ్లూ వెతికాడు. అది పైకి లేచి, గాలికీ వానకీ అరిగి, మనుషులు పుట్టకముందే ఇసుకై పోయిందని చివరికి తేల్చాడు. ఆ మాట మీదే గని మూతపడింది. ఊరు ఆ సంగతి మరిచిపోలేదు.

కొన్నేళ్ల క్రితం ఒక కొత్త కంపెనీ వచ్చి గని మళ్లీ తెరుస్తామంది. కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెట్టారు. ఉద్యోగాలొస్తాయని ఊరంతా కదిలింది. ముసలాయన లేచి, చార అవతల ఏమీ లేదని, దిబ్బని కదిపితే ఆ దుమ్ము మీ పిల్లల ఊపిరితిత్తుల్లోకి పోతుందని అన్నాడు. కూర్చోమని అరిచారు. మా ఆయన కూడా లేచి, మీకు గిట్టకపోతే మీరు వెళ్లిపోండి, మేము బతకాలి అన్నాడు. హాలంతా చప్పట్లు. ఈ ఊళ్లో మాకు దక్కిన మొదటి చప్పట్లు అవే.

ఆ వారమే ఎవరో ఆయన ట్రక్కు టైర్లు కోసేశారు. పాల కోసం రోడ్డు దాటొస్తే షాపులో ఉన్నవాళ్లు దారి ఇవ్వలేదు. నేనే కౌంటర్ దాటి వెళ్లి పాలు ఆయన చేతికిచ్చాను.

"నాకు అమ్మితే వీళ్లు నీ దగ్గరికి రారు," అన్నాడు, వాళ్లకి వినపడేలాగే.

ఇంకో గ్యాస్ స్టేషన్ నలభై మైళ్ల దూరంలో ఉంది, వస్తారులే అన్నాను. ఆయన నవ్వలేదు.

కంపెనీ రెండు చలికాలాలు కొండని డ్రిల్ చేసింది. తర్వాత మిషన్లు ఎక్కించుకుని చెప్పాపెట్టకుండా వెళ్లిపోయింది. ముసలాయన చెప్పిందే నిజమైందని ఒక్కరూ అనలేదు సరికదా, ఆయన నోటి వల్లే కంపెనీ పారిపోయిందన్నారు. కిటికీ అద్దాలు పగలగొట్టారు. ఆయన కొత్తవి పెట్టించకుండా ప్లైవుడ్ కొట్టుకుంటుంటే మా ఆయన వెళ్లాడు. నిచ్చెన పట్టుకోనిచ్చాడట గానీ, పని కాగానే లోపలికెళ్లి తలుపేసుకున్నాడట.

మొన్న శనివారం కొండ కింద శ్మశానంలో పూడ్చారు. పాస్టర్, డిప్యూటీ, మేమిద్దరం. మా ఆయన పిడికెడు మట్టి వేసి చేతులు దులుపుకున్నాడు.

"చివరిదాకా మనమంటే పడలేదు కదా ఆయనకి," అన్నాడు తెలుగులో.

"పడలేదు. అయినా చెప్పాడు," అన్నాను.

తలెత్తి చూస్తే రోడ్డు మీద ఊరివాళ్ల ట్రక్కులు నాలుగైదు వరసగా ఆగి ఉన్నాయి. ఇంజన్లు ఆపలేదు, ఎవరూ దిగలేదు. గాలికి లేచిన దుమ్ములో, అద్దాలు ఎత్తుకుని, గుంత పూడేదాకా అలాగే కూర్చున్నారు.