బాపు మాట తెగకుండా

మా బాపు లారీ డ్రైవరు. పత్తి బేళ్లు, వడ్లు, సిమెంటు, ఏ లోడు దొరికితే అది వేసుకుని దేశంలో సగం తిరిగాడు. ఆయన ఇంటికొచ్చిన సంగతి వరంగల్ కరీమాబాద్‌లో మా గల్లీ మొత్తానికీ తెలిసిపోయేది. ఇంజను చప్పుడు మీద అరిచి మాట్లాడటం అలవాటైన గొంతు అది. ఇంట్లోనూ అదే గొంతు.

పక్షవాతం వచ్చాక ఆ గొంతు పోయింది. కాలు కొంత కోలుకుంది, కర్ర పట్టుకుని నడిచేవాడు. కుడి చెయ్యి సగమే మాట వినేది. అసలు కష్టం నోటిదే. ఒక్కో పదాన్ని ఎక్కడి నుంచో ఈడ్చుకొచ్చినట్టు పలికేవాడు. దవాఖానలో డాక్టరమ్మ, ఎంత మాట్లాడిస్తే అంత మంచిదని చెప్పి పంపింది. మేం చేసిందేమో దానికి పూర్తిగా ఎదురు. ఆయన పెదవి కదిలేలోపే అమ్మ "నీళ్లా?" అనేది, నేను "ఫ్యాన్ బంజెయ్యాల్నా?" అనేదాన్ని. ఆయన తలూపేవాడు. పోనుపోను ఆ తలూపడం తప్ప ఆయన దగ్గర మరో మాట లేకుండా పోయింది.

నేను రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌ని. సాయంత్రం ఇంటికొచ్చి స్నానం చేశాక కాసేపు కంప్యూటర్ ముందు కూర్చుని లారీ నడిపే ఆట ఆడేదాన్ని. అది మా వీధిలో నెట్ సెంటర్ మూసేస్తున్నప్పుడు చవగ్గా కొన్న పాత కంప్యూటర్. చిన్నప్పుడు బాపు నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని స్టీరింగ్ పట్టించేవాడు, నాకు ఆ ఆట మీద మనసు పడటానికి కారణం అదే అయుండాలి. ఒక సాయంత్రం లోడు లారీతో గుట్ట ఎక్కుతున్నాను. బండి మెల్లమెల్లగా ఆగిపోతోంది. వెనక మంచం మీద నుంచి మాట వినబడింది.

"గే...రు. గేరు తగ్గియ్."

తిరిగి చూశాను. బాపు మోచేతి మీద లేచి తెరకేసి చూస్తున్నాడు.

"బండి గుంజ... గుంజుతలేదు. సూస్తలేవా?"

అమ్మ వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఏందే, ఏమన్నడు?" అడక్కుండా, ఎవరూ అందివ్వకుండా ఆయన అన్న మొదటి మాట అది. నేను గేరు తగ్గించాను. గుట్ట ఎక్కాం.

మర్నాటి నుంచి నా పక్కన ఇంకో కుర్చీ పడింది. నేను నడిపేదాన్ని, ఆయన తిట్టేవాడు. తిట్లు మాత్రం ఆయనకు బాగానే వచ్చేవి.

దాన్ని లైవ్ పెట్టమన్నది చాచా. చాచా, బాపు ఒకే బండి మీద ఏళ్లకేళ్లు తిరిగారు, పలకరించడానికి వచ్చినప్పుడల్లా పండ్లు తెచ్చేవాడు. ఆ రోజు గుమ్మంలోనే నిలబడిపోయి మా ఇద్దర్నీ చూశాడు.

"అరే ఉస్తాద్! ఇంట్ల కూసోని బండి నడిపిస్తానవా! ఇది మనోళ్లందరు సూడాలె. బేటీ, ఫోన్ల వచ్చేటట్టు చెయ్యరాదు?"

చేశాను. ఒక మైకు పెట్టి, ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్ వేసి, చాచా చెప్పిన డ్రైవర్లందరికీ లింకు పంపాను. ఎక్కడో ధాబా ముందు బండి ఆపుకున్నవాళ్లు, లోడు కోసం ఎదురుచూసేవాళ్లు ఫోన్లలో చూడటం మొదలుపెట్టారు. ఉస్తాద్, ఆ ఘాటు దిగేటప్పుడు ఏం చేసేటోనివి, బ్రేకు పట్టకపోతే ఏం చేసినవ్ అని రాసేవారు. నేను చదివి వినిపిస్తే బాపు జవాబు చెప్పేవాడు. మెల్లగా, ఆగి ఆగి. కానీ చెప్పేవాడు.

కష్టమేమిటంటే, ఆయన చెప్పింది వాళ్లకు చేరేది కాదు. ఆట ఒక్కటే ఆడితే మా కంప్యూటర్ ఎలాగో నెట్టుకొచ్చేది. లైవ్ పెట్టామంటే చాలు, లారీ రోడ్డు మీద కప్పలా గెంతేది, మాట మధ్యలో తెగిపోయి గరగరమనేది. బొమ్మ ఆగాగి వస్తాంది, వాయిస్ కట్ అయితాంది అని వరసగా కామెంట్లు. ఒక రోజు ఎవరో కొత్త మనిషి, ఈ తాత నోట్లో ఏం పెట్టుకుని మాట్లాడుతున్నాడని రాసి నవ్వు బొమ్మలు పెట్టాడు. బాపుకు తెలుగు చదవడం వచ్చు. నేను కిందికి జరిపేలోపే చదివేశాడు.

"నా నోరా... డబ్బానా?" అన్నాడు.

"డబ్బానే బాపూ."

"నిజం చెప్పు."

నాకు నిజంగానే తెలియదు. ఆయన మాట తడబడుతుంది, కంప్యూటర్ కూడా తడబడుతుంది. అవతలివాళ్లకు రెండూ కలిసే వినిపిస్తున్నాయి. మర్నాడు సాయంత్రం ఆయన కుర్చీలోకి రాలేదు. "కండ్లు... నొస్తానయి" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత రోజూ అంతే. అమ్మ మళ్లీ "నీళ్లా?" అని అడగడం మొదలుపెట్టింది.

ఆ మాట విన్నప్పుడు నాకు పట్టుదల వచ్చింది. ఆయన నోటి వంతు ఎంతో, డబ్బా వంతు ఎంతో విడదీయాలి. డబ్బా వంతు నేను తీసేయగలను. దాన్ని పూర్తిగా తీసేసి, మిగిలింది ఆయనకు వినిపించాలి. ఆ తర్వాత మాట్లాడతాడో మానేస్తాడో ఆయన ఇష్టం.

హనుమకొండ చౌరస్తా దగ్గర కంప్యూటర్ షాపుకు మోసుకెళ్లాను. యజమాని మూత తీసి చూసి మళ్లీ పెట్టేశాడు.

"చెల్లె, దీనికి పైసలు పెట్టుడు దండుగ. కొత్త సెట్టు తీస్కో. నెలనెలా కట్టుకోవచ్చు."

"కొత్తది కొనను అన్నా. దీంట్ల ఏది అడ్డం పడ్తాందో గది చెప్పు సాలు."

"గది సూసుకుంట కూసుంటె నా దుకాణం నడువది."

అయితే నేనే చూసుకుంటానని తిరిగి తెచ్చేశాను. ల్యాబులో మేం రోజూ చేసేది అదే కదా, ఒంట్లో ఏది చెడిందో ఒక్కొక్కటీ పరీక్ష చేసి తేల్చడం. ముందు నెట్ తప్పా కాదా అని చూశాను. లైవ్ పంపకుండా, అదే ఆటను కంప్యూటర్‌లోనే రికార్డు చేసుకుని వేసి చూస్తే అక్కడా లారీ గెంతింది. అంటే నెట్ తప్పు కాదు. ఏ పార్టు మీద ఎంత భారం పడుతోందో చూపించే పట్టీ తెరిచి పెట్టుకుని మళ్లీ ఆడాను. రికార్డింగ్ నొక్కగానే ప్రాసెసర్ గీత పైకప్పుకు తగిలి అక్కడే ఉండిపోయింది. మా డబ్బాలో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ఆటలో బొమ్మ గీయడం, ఆ బొమ్మను వీడియోగా మార్చి పంపడం, మాటను కలపడం, అన్నీ ఆ ముసలి ప్రాసెసరే చేస్తోంది. జబ్బు దొరికింది.

ఖర్చు లేని వైద్యంతో మొదలుపెట్టాను. నెట్ సెంటర్ నాటి దుమ్మంతా బ్రష్షుతో దులిపాను, పంపే వీడియో సైజు తగ్గించాను. కొంచెం తేలికపడింది. తర్వాత అదే షాపుకు వెళ్లి పాత ర్యామ్ ముక్క ఒకటి అడిగితే యజమాని సొరుగు వెతికి ఇచ్చాడు. ఇంకాస్త తేలికపడింది. మాట మాత్రం ఇంకా తెగుతోంది. గ్రాఫిక్స్ కార్డు తప్పదు.

దానికోసం ఆదివారాలు ఇళ్లకు పోయి రక్తం నమూనాలు తెచ్చే పని కూడా ఒప్పుకున్నాను. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు ఫోనులో కార్డుల గురించే చదివేదాన్ని. నాకు పెద్ద కార్డు అక్కర్లేదు. వీడియో మార్చే పనిని తన నెత్తిన వేసుకునేదై ఉండాలి. మా డబ్బాకున్న చిన్న కరెంటు సప్లైతోనే, వేరే వైరు అడక్కుండా నడవాలి. లేదంటే సప్లై కూడా మార్చాలి, అంత నా వల్ల కాదు. అలాంటి కార్డులు వాడినవి హైదరాబాద్‌లో ఒకాయన అమ్ముతున్నాడు. చాచాకు అటు లోడు ఉంది.

"చాచా, ఆట ఆడి సూపియ్యమను. జర సేపు ఆడాలె. ఊకె బొమ్మ వచ్చిందని తీస్కరాకు."

చాచా ఆ దుకాణంలోంచే వీడియో కాల్ చేశాడు. అమ్మేవాడి విసుగు నాకు వినబడుతూనే ఉంది. "పని చేస్తది చాచా, నమ్ము. నాకు వేరే గిరాకి ఉంది."

"నీ గిరాకిని రానియ్, నేను వద్దంటలేను," అంటున్నాడు చాచా. "ఖాళీ బండి ఎవలు నడిపినా నడుస్తది భాయ్. లోడు మీద గుట్ట ఎక్కినంక సూస్త. అప్పటిదాక లేవ."

కాసేపు ఆడేసరికి ఆ కార్డు తెర నిండా రంగు చుక్కలు పోసి ఆరిపోయింది. చాచా స్టూలు ఇంకా ముందుకు జరుపుకున్నాడు. రెండో కార్డు పెట్టించాడు. టీ తెప్పించుకుని తాగాడు. అది నిలబడింది. దాన్ని దుప్పట్లో చుట్టి, క్యాబిన్‌లో తన పక్క సీటు మీద పెట్టుకుని వరంగల్ తెచ్చాడు.

ఇంటికి తెచ్చాక కార్డు డబ్బాలో పట్టలేదు. హార్డ్ డిస్కు పెట్టే ఇనప గూడు అడ్డం వస్తోంది. స్క్రూలు కావు, రివెట్లు. నేను తల పట్టుకుని కూర్చుంటే మంచం దగ్గర కర్ర చప్పుడైంది. బాపు వచ్చి నా పక్కన నేల మీద మెల్లగా కూలబడ్డాడు.

"శీల... పెట్టి కొట్టు. తలకాయ ఊడ్తది."

"కొడితె లోపల పార్టులు అదురుతయి బాపూ."

"అయితే పార్టులు తీ... తీసి కొట్టు."

తీశాను. ఆయన ఎడమ చేత్తో డబ్బాను ఒడిసిపట్టుకుని, కుడి మోకాలు అడ్డం పెట్టాడు. నేను సుత్తితో కొట్టాను. "ఇల్లు కూలగొడ్తాండ్లా?" అని అమ్మ అరిచింది. రివెట్లు ఒక్కొక్కటే ఊడాయి. గూడు బయటికొచ్చింది. హార్డ్ డిస్కును అడుగున ప్లాస్టిక్ పట్టీలతో కట్టేశాను, కార్డు దాని చోట్లో దిగింది.

స్విచ్చి వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగా ఉండిపోయింది. కార్డు తీసి పెట్టాను, వైర్లు మార్చాను. నలుపే. చాచా అంతసేపు కూర్చుని తెచ్చిన కార్డు, నా ఆదివారాలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మళ్లీ మొదటి నుంచి ఒక్కొక్కటీ చూద్దామనుకున్నాను. డబ్బా ఖాళీ చేసినప్పుడు ర్యామ్ కూడా తీశాం కదా. వాటి అంచులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, టక్కుమనే దాకా నొక్కాను. తెర వెలిగింది.

బాపు గట్టిగా ఊపిరి వదిలాడు. అప్పటిదాకా బిగబట్టాడని నాకు తెలియదు.

ఆ సాయంత్రం లైవ్ పెట్టలేదు. రికార్డు మాత్రం చేశాను. బాపును పక్కన కూర్చోబెట్టుకుని, పాలకుర్తి రోడ్డులో మొదటిసారి లోడు బండి నడిపిన ముచ్చట చెప్పమన్నాను. చెప్పాడు. తర్వాత వేసి చూపించాను. లారీ నున్నగా పోతోంది. గీత పైకప్పు దాకా పోకుండా చాలా కిందనే ఉంది. మాట ఎక్కడా తెగలేదు, గరగర లేదు. ఉన్నదంతా బాపు గొంతే. మొద్దుబారిన అక్షరాలు, మధ్యమధ్యలో పెద్ద ఖాళీలు.

ఆయన కదలకుండా విన్నాడు.

"గిదా... నా మాట."

"గిదే బాపూ. ఇప్పుడు డబ్బాది ఏం లేదు."

ఇంత చేసి, ఆయన నోరు శాశ్వతంగా మూయించానా అనిపించింది.

"మల్ల పెట్టు," అన్నాడు. మళ్లీ పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు.

"నీకు అర్థం... అయితాందా?"

"మొత్తం అయితాంది."

"అమ్మకు?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మ, "గా ముచ్చట సానా సెప్పినవ్ తియ్, బండి బురదల దిగవడ్డదని సెప్పలే," అంది.

బాపు నవ్వాడు. "ఐతే రేపు పెట్టు."

మర్నాడు సాయంత్రం లైవ్ పెట్టాం. చాచా అందరికీ ఫోన్లు చేసినట్టున్నాడు, పాతవాళ్లంతా వచ్చారు. బొమ్మ మస్తుగుంది అని ఒకరు, కొత్తది కొన్నరా అని ఒకరు. బాపు బురదలో దిగబడ్డ సంగతి చెబుతున్నాడు. మధ్యలో ఎవరో రాశారు: వీడియో బాగుంది కానీ వాయిస్ ఇంకా ల్యాగ్ అయితాంది, చెక్ చేయండి.

నేను మౌస్ మీద చెయ్యి వేశాను, కిందికి జరుపుదామని. బాపు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. మైకు దగ్గరికి వంగాడు.

"ల్యాగ్ కాదు... బిడ్డా. నాకు పక్ష...వాతం వచ్చింది. నా నోరే గింత. జర... మెల్లగ ఇను."

తర్వాత ఆ రాసిన మనిషే, సారీ పెద్దాయనా, చెప్పు, వింటున్నా అన్నాడు. బాపు బురద దగ్గరికి తిరిగి వెళ్లాడు. ఆ రోజు ఆయన ఒక్క మాట కూడా నేను పూర్తి చేయలేదు. పూర్తి చేయబోయిన అమ్మకు కూడా సైగ చేసి ఆపాను.

ఇప్పటికీ ఆటలో చెట్లు, నీడలు తగ్గించే పెడతాను. పెంచితే ఆ ప్రాసెసర్ మోయలేదు. చూసేవాళ్లు పెద్దగా పెరగలేదు, తగ్గనూ లేదు. బాపు మాట కొంత చురుకైంది. పోయినసారి చూపించుకున్నప్పుడు డాక్టరమ్మ ప్రశ్నలకు తనే జవాబు చెప్పుకున్నాడు, మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం.

ఈ మధ్య ఒక సాయంత్రం నన్ను కుర్చీలోంచి లేవమన్నాడు. ఎడమ చేత్తో నడుపుతాడట. కూర్చున్నాడు, మొదటి మలుపులోనే లారీని పక్కకు పడేశాడు. చూస్తున్న డ్రైవర్లంతా ఒక్కసారి మీద పడ్డారు, ఉస్తాద్‌ది లైసెన్సు గుంజుకోవాలని. ఆయన నావైపు చూసి, "మల్ల మొదటి నుంచి పెట్టు," అన్నాడు.