పొయ్యిలు కలిపిన మల్లేశన్న

నిన్న మధ్యాహ్నం క్యాంప్ గేటు బయట బస్సు ఆపుకుని కూర్చున్నా. మల్లేశన్న రూమ్‌లో ఉండే గంగాధర్ ఫోన్.

"శ్రీనూ, మల్లేశన్న సచ్చిపోయిండు. డ్యూటీ నుంచి వచ్చి పండుకున్నడు, లేవలే."

నమ్మలేదు. ఎండకి ఎదురుగా రోడ్డు నీళ్ళలా ఊగుతోంది.

పొద్దున నైట్ డ్యూటీ దిగి ఇదే బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చాడు. నాతో మాట్లాడకుండానే దిగాడు.

అబద్ధం ఎందుకు. మాట్లాడనిది నేనే. ఏడు నెలల నుంచి.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నా. మల్లేశన్నది జగిత్యాల వైపు. ఇక్కడ గల్ఫ్‌లో, మెసయీద్ స్టీలు ప్లాంటులో క్రేన్‌కి బరువులు కట్టే పని. నాది కోనసీమ, అదే కంపెనీలో బస్సు డ్రైవర్ని. ఏళ్ళ తరబడి ఒకే క్యాంప్, ఒకే కిచెన్.

ప్లాంటులో లక్సెంబర్గ్ నుంచి వచ్చిన పెద్దాయన ఇంజనీరు ఉండేవాడు. టీ బ్రేకులో అన్నకి వాళ్ళ యూరప్ సంగతులు చెప్పేవాడు. ఇద్దరి ఇంగ్లీషూ అంతంత మాత్రమే. ఎలా అర్థమైందో గానీ, అన్నకి ఆ పిచ్చి పట్టుకుంది.

శుక్రవారం సాయంత్రాలు సముద్రం ఒడ్డున కూర్చునేవాళ్ళం. దూరంగా ఓడలు కదులుతున్నాయో లేదో తెలిసేది కాదు. అన్న కళ్ళు సగం మూసుకుని మొదలెట్టేవాడు.

"ఆడ రైలుల పండుకుంటే ఇంకో దేశంల లేస్తవట శ్రీనూ. పాస్‌పోర్ట్ చూపియ్యమని ఎవ్వలు లేపరట."

ఆ రైలు మేమిద్దరం ఎక్కింది లేదు, ఎక్కేదీ లేదు. అయినా అన్న చెప్తుంటే నిజంగానే ఊగుతున్నట్టు ఉండేది. పచ్చటి పొలాలు, ఎవరిదో ఊరు, ఇంకెవరిదో ఊరు, మధ్యలో గేటు లేదు.

ఇంజనీరు వాళ్ళ నానమ్మ ఇల్లు కదలకుండానే రెండు దేశాల మనిషి అయిందట. బోర్డరే ఆవిడ ఇంటి మీదుగా జరిగిందట. అది విని అన్న ఒకటే నవ్వు.

"మా అమ్మ గూడ గంతే గదరా. ఇల్లు మారలే. జిల్లా మారింది, రాష్ట్రం మారింది. మరిప్పుడు మా అమ్మ ఎవరు?"

"మీ అమ్మ మీ అమ్మే" అన్నాను.

"గదే నేననేది" అన్నాడు.

నేను ఊరుకునే రకం కాదు. వాళ్ళలో వాళ్ళు తలుపులు తీసుకున్నారు సరే, మనకి వీసా ఇస్తారా అని అడిగాను.

అన్న దాచలేదు.

"ఇయ్యరు. అది వాళ్ళ తప్పే. సగం పని చేసిండ్రు. మిగిలిన సగం ఎవలో ఒకలు చేస్తరు తియ్."

మా ఫ్లోర్ కిచెన్‌లో అప్పట్లో మూడు మెస్సులు. తెలంగాణ వాళ్ళది, మా ఆంధ్రా వాళ్ళది, నేపాలీలది. డ్యూటీ దిగగానే పొయ్యి కోసం కొట్లాటే. ఒకరోజు తెలంగాణ వాళ్ళ కుక్కర్ ఉడుకుతుండగానే దించేసి నా మూకుడు పెట్టాను. కాలర్లు పట్టుకునే దాకా వెళ్ళింది.

అన్న అందరినీ కూర్చోబెట్టి యూరప్ కథ ఎత్తుకున్నాడు. తరాల తరబడి ఒకళ్ళనొకళ్ళు చంపుకున్న దేశాలు. ఫిరంగి చేయాలంటే బొగ్గు, స్టీలు కావాలి కదా, ఆ రెండూ తెచ్చి ఉమ్మడిలో పెట్టాయట. ఒకరు యుద్ధం అన్నా రెండోవాళ్ళు లేకుండా కుదరకూడదని.

"వాళ్ళు ప్రేమ పుట్టేదాంక ఆగలే. ముందుగాల బొగ్గు కలిపిండ్రు. మనం పొయ్యిలు కలుపుదాం. ప్రేమ తర్వాత వస్తది. రాకుంటే మాఫీ ముష్కిల్, ఏం ఫికర్ లేదు."

బియ్యం నేపాలీలు తేవాలి. పప్పు, నూనె మేము. కూరగాయలు తెలంగాణ వాళ్ళు. విడిగా వండుకుందామన్నా ఎవరికీ కుదరదు. రోజుకొకరి వంతు.

నవ్వుకున్నాం గానీ, కొట్లాటలు ఆగిపోయాయి. నేపాలీ పాటలు మాకొచ్చాయి, మా తిట్లు వాళ్ళకొచ్చాయి.

తర్వాత నేను చేసిన ఘనకార్యం.

చేపల పులుసు వారానికి ఒక్కసారే ఉండాలని ఓటింగ్ పెట్టారు. వాసన పడట్లేదని. నేను ఓడిపోయాను. గోదారోడి పులుసుకి మీ ఓటింగేంట్రా అని తిక్క రేగింది. పై ఫ్లోర్‌కి మారిపోయి సొంత స్టవ్ కొనుక్కున్నాను.

అన్న ఆపలేదు.

"పోతనంటే పో. బయటికి పొయ్యే తలుపు లేకుంటే అది ఇల్లు గాదు, జైలు."

బతిమాలతాడనుకున్నాను. బతిమాలలేదని ఇంకా మండింది. ఆ మంటతోనే ఏడు నెలలు గడిపేశాను, వెధవని.

నిన్న సాయంత్రం పప్పు, అన్నం వండి గిన్నెలతో కిందికి దిగాను. చావింట్లో పొయ్యి వెలిగించరు కదా. ఇరుగుపొరుగు తేవాలి.

గంగాధర్ మెస్ గుమ్మంలోనే ఆపేశాడు.

"ఇదేంది?"

"మీ పొయ్యి వెలగదు కదా. పక్కవాళ్ళమే కదా తేవాల్సింది."

"పక్కోళ్ళే తేవాలె. నువ్వు పక్కోనివా?"

గోడ మీద వంతుల కాగితం చూపించాడు. గురువారం ఎదురుగా నా పేరు. అలాగే ఉంది.

"కొట్టేస్తమంటే అన్న కొట్టెయ్యనియ్యలే. గీ ఏడు నెలలు నీ వంతు ఆయననే వండిండు. ఇంట్ల మనిషివి, నువ్వెట్ల పొయ్యి ముట్టిస్తవ్‌రా?"

గిన్నెలు నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టేశాడు. లోపల నేపాలీ కుర్రాడొకడు చాప మీద జరిగి చోటిచ్చాడు. అప్పుడు ఏడ్చాను. అందరి ముందూ, గట్టిగా.

కాసేపటికి కింది ఫ్లోర్ బంగ్లాదేశ్ వాళ్ళు అన్నం, దాల్ తెచ్చారు. మెస్ మనుషులకి వరసగా వడ్డిస్తూ నా దగ్గర ఆగారు. గంగాధర్ తలూపాడు. నాకూ వడ్డించారు. తిన్నాను.

ఈ పొద్దున జగిత్యాలలో వదినకి నేనే ఫోన్ చేశాను, అన్నని ఊరికి పంపే పేపర్ల సంగతి చెప్పడానికి. ఎవరు మాట్లాడేది అంది.

అన్న మెస్ మనిషిని వదినా, అన్నాను.

క్షమించు మల్లేశన్నా. ఆ మాట నీ ముందు అనాల్సింది.

నీ ఆత్మ చల్లగా ఉండాలి. హాయిగా పడుకో అన్నా.